అచ్చాయమ్మగారి నుయ్యి

హైదరాబాదు నుంచి రమణిగారు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ వాణి ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. "ఆవిడ మంచినీళ్ళడిగితే టిన్ను నీళ్ళివ్వకండి. నూతి నీళ్ళే ఇవ్వండి." అందరూ ఆయ్ అన్నారు. ఆయ్ అనడంలో ఆ వీధిని మించిన వీధి కోనసీమలో లేదు. అన్నాక చేస్తారా అన్నది వేరే సంగతి.

రాజోలు దిగువన, సముద్రం దగ్గర్లో ఉన్న ఊరది. చుట్టూ వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేశాక నూతుల్లో నీళ్ళు ఉప్పెక్కాయి. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, టీ కాస్తే పాలు విరిగిపోతాయి. తాగడానికి ఆటోలో వచ్చే టిన్నులు కొనుక్కుంటున్నారు. గోదావరి నీళ్ళ పైపు వేయించండి మహాప్రభో అని మంచినీళ్ళ శాఖ ఆఫీసుకి వెళ్తే, ఉప్పని ఆధారమేదన్నారు. అమలాపురంలో కెమిస్ట్రీ చదివి ఆ ఊరికి కోడలిగా వచ్చిన వాణి, ఆధారం మనమే తయారుచేద్దామని ఆడవాళ్ళని పోగేసింది. వారం వారం ప్రతి నూతి నీళ్ళలోనూ ఉప్పెంతుందో చూపించే పెన్నులాంటి మీటరు ముంచి చూసేవారు. తీరా ఆ అంకెలు పట్టుకెళ్తే, ఆ బుల్లి మీటరు చెల్లదు, ఏడాది పొడుగునా ల్యాబులో పరీక్షలు చేయించాలి అన్నారు. టిన్నులకే కటకటలాడే వీధి ల్యాబుకెక్కడ తెస్తుంది?

పల్లెల్లో జనమే చేసుకునే పరిశోధనలకి గ్రాంటులిచ్చే సంస్థ ఒకటుందని తెలిసి వాణి దరఖాస్తు పెట్టింది. రెండుసార్లు తిరగ్గొట్టారు. మూడోసారి, మా మనిషి వచ్చి చూస్తుంది, ఈసారీ కాదంటే ఇంక మళ్ళీ పెట్టకండి అని రాశారు. అంచేత ఆ వీధికి పైపు రావడమో రాకపోవడమో రమణిగారు తాగబోయే నీళ్ళ మీద పడింది.

రమణిగారు మెత్తటి మనిషి. కారు దిగేసరికే ఎండకి వాడిపోయి ఉన్నారు. వాణి ముందు కాంతం ఇంటికి తీసుకెళ్ళింది. నీళ్ళ గురించి వీధిలో అందరికంటే గట్టిగా నోరు చేసుకునేది కాంతమే. ఆ కాంతం కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చింది. వాణి కళ్ళతో సైగ చేస్తే లోపలికెళ్ళి ఫ్రిజ్‌లోంచి చల్లటి టిన్ను నీళ్ళు తెచ్చింది.

"ఏంటండి కాంతంగారూ ఇది?" అని వాణి తలుపు చాటుకి లాగి అడిగింది.

"చెయ్యి రాలేదమ్మా. మొదటిసారి గడప తొక్కిన మనిషికి ఆ ఉప్పునీళ్ళెలా ఇమ్మంటావు? పక్కింటోళ్ళిస్తార్లే."

పక్కింటివాళ్ళు నిమ్మరసం ఇచ్చారు. ఆ పక్కవాళ్ళు మజ్జిగ ఇచ్చారు. అన్నీ టిన్ను నీళ్ళతో కలిపినవే. రమణిగారు అన్నీ తాగి, చాలా బాగుందండి అన్నారు. వాణికి ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇంక మిగిలింది తన ఇల్లే.

ఆ ఇంటి నుయ్యి తవ్వించింది వాణి అత్తగారు అచ్చాయమ్మకి మామగారు. అచ్చాయమ్మ కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో పప్పు వండాలంటే వీధి వీధంతా ఆ నూతి నీళ్ళకే వచ్చేది. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు తన పెరట్లో నిలబడితే ఆవిడ దర్జా ఆవిడది. నీళ్ళు ఉప్పైపోయాక కూడా ఇంట్లో ఎప్పుడూ ఉప్పని అనలేదు. కొంచెం మారేయి అనేది, అంతే.

అచ్చాయమ్మ తోమిన ఇత్తడి గ్లాసుతో వసారాలోకి వచ్చింది. లోపల టిన్ను మూత తీసిన చప్పుడు వాణికి అప్పటికే వినపడింది.

"ఇవి మీ బావి నీళ్ళేనా అమ్మా?" అని రమణిగారు అడిగారు.

"ఆయ్, మా నుయ్యేనండి. మా మామగారు తవ్వించేరు. ఈ వీధందరికీ పప్పుడికింది ఈ నీళ్ళతోనేనండి."

రమణిగారు తాగి, తియ్యగా ఉన్నాయే అని, బల్ల మీదున్న వాణి మీటరు తీసి గ్లాసులో ముంచారు. అంకె చూసి వాణి వైపు తిరిగారు. "మా ఇంట్లో ఫిల్టరు నీళ్ళకి కూడా ఇంతే చూపిస్తుంది వాణీ."

వాణి నోరు తెరిచింది. అత్తగారి మొహం చూసింది. ఎన్నేళ్ళకో ఒక పరాయి మనిషి తన నూతి నీళ్ళు తాగి బాగున్నాయంటే ఆ మొహం వెలిగిపోతోంది. తెరిచిన నోరు మూసుకుంది.

కారు దగ్గర మాత్రం ఉండబట్టలేకపోయింది. "మేడమ్, మీరు తాగినవి నూతి నీళ్ళు కావండి. ఒక్కసారి పెరట్లోకి రండి, తోడి చూపిస్తాను."

రమణిగారు వసారాలో నిలబడ్డ అచ్చాయమ్మని చూశారు. ఆవిడ చేతులు జోడించి నవ్వుతోంది. "అయితే మీ అత్తగారు నాకు అబద్ధం చెప్పారా?"

అవునన్న మాట ఒక్కటి అంటే చాలు. అచ్చాయమ్మకి వినపడేంత దూరంలోనే ఉన్నారు. "అబ్బే, అబద్ధమని కాదండి..." అని వాణి నీళ్ళు నమిలింది. రైలుకి వేళవుతోందని రమణిగారు కారెక్కారు.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. దరఖాస్తులో చెప్పిన కష్టానికీ, ఊరివాళ్ళు స్వయంగా చెప్పినదానికీ పొంతన లేదట, గ్రాంటు ఇవ్వరట. తర్వాత ఆడవాళ్ళు మీటరు పట్టుకుని తిరగడం మానేశారు. ఎవరి కోసం చూడాలి?

"నా వల్లేనా అమ్మాయ్?" అని అచ్చాయమ్మ అడిగింది.

కాదని చెప్పాలని వాణికి ఉంది. తన నోరు పెగలకపోవడమూ కారణమేనని చెప్పాలనీ ఉంది. కానీ కడుపు మండిపోయి ఉంది. "అవునండి అత్తయ్యగారూ" అంది.

అచ్చాయమ్మ ఆ పూట అన్నం తినలేదు.

కొన్నాళ్ళకి కరెంటు మీటరు చూసే అతను వచ్చి, ఎండగా ఉంది, మంచినీళ్ళిప్పించండి అన్నాడు. వాణి టిన్ను దగ్గరికి వెళ్ళబోతే అచ్చాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తనే పెరట్లోకి వెళ్ళి, చేద వేసి తోడి, అదే ఇత్తడి గ్లాసులో పోసి తెచ్చింది. అతను ఒక గుక్క తాగి పక్కకి ఉమ్మేశాడు.

"ఇదేంటండి, ఇంత ఉప్పుగా ఉన్నాయి?"

"మా నుయ్యేనండి" అంది అచ్చాయమ్మ. "ఉప్పైపోయిందండి. తాగలేకపోతున్నాం. రాసుకోండి బాబూ."

"నేను కరెంటు మీటరుకి వచ్చేనండి, అమ్మగారూ."

"అయినా రాసుకోండి."

అతను ఏమీ అర్థంకాక వాణి వైపు చూసి, బిల్లు అరుగు మీద పెట్టి పక్కింటికి వెళ్ళిపోయాడు. వాణి దగ్గరికెళ్ళి గ్లాసు అందుకోబోతే అచ్చాయమ్మ ఇవ్వలేదు. మిగిలిన నీళ్ళు ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడింది.

"ఇంకెవరైనా వస్తున్నారేమో చూడమ్మాయ్" అంది.