మేట్రను గారి సంతకం

ఎదుర్లంక రేవులో ఏరు దాటించే పంటు ఎక్కినప్పుడు మోషే హుషారుగానే ఉన్నాడు. అది 1977, ఫిబ్రవరి మొదట్లో. గోదావరి మీంచి చలిగాలి కొడుతోంది. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని కూర్చోకుండా, సైకిళ్ళకీ కొబ్బరికాయల బస్తాలకీ తగలకుండా నిలబడి భార్యకి జాగ్రత్తలు చెబుతున్నాడు.

"ఏం అడిగినా తడబడకు కృపా. తెలిస్తే నెమ్మదిగా, వరసగా చెప్పు. తెలియకపోతే తెలియదండీ అను. నసగడం మాత్రం వద్దు."

"ఆయ్," అంది కృపావతి. అల్లవరం దగ్గర ఇంట్లో అత్తగారి చేతుల్లో వదిలొచ్చిన పాప మీదే ఉంది ఆమె ధ్యాస.

ఇద్దరికీ కాకినాడలో ఒకే రోజు పిలుపు. ఆరోగ్య శాఖలో ఖాళీలు నింపుతున్నారు. కాగితాలు సరిచూసి, నాలుగు ప్రశ్నలడిగి, పనికొస్తారనుకున్నవాళ్ళకి పోస్టింగు ఇస్తారు. మోషే రాజమండ్రిలో ఒక ప్రైవేటు సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేడు. కృపావతి రాజోలు వైపు మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు అయ్యింది. పేటలో అందరి లెక్కా ఒకటే: మోషేకి ఉద్యోగం ఖాయం, ఆమెకి కూడా వస్తే ఇంకా మంచిది. ఆదివారం గుళ్ళో అయ్యగారు కూడా ముందు మోషే కోసం ప్రార్థన చేసి, చివర్లో "ఆ బిడ్డకీ దారి చూపించు ప్రభువా" అన్నారు. మోషేకి అది సబబుగానే తోచింది.

ఆఫీసు వరండాలో బెంచీల మీద ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క కూర్చున్నారు. మోషేని ముందు పిలిచేరు. లోపల బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్ద డాక్టరమ్మ గారు అతని సర్టిఫికెట్టు అందుకుని, వెనక్కి తిప్పి చూసి, పక్కనున్న గుమాస్తాకి ఇచ్చేరు. ఆయన అచ్చు కాగితాల కట్టలో వెతికి తల అడ్డంగా ఊపేడు.

"ఈ సంస్థకి గుర్తింపు లేదు బాబూ," అన్నారావిడ.

"వస్తుందని చెప్పేరండీ మాకు. దరఖాస్తు పెట్టేమన్నారు."

"పెట్టేరేమో. రాలేదు. గుర్తింపు లేనివాళ్ళని తీసుకునే వీల్లేదు."

"పని నాకు వచ్చండీ. మలేరియా స్లయిడు చూడగలను. రక్తం, మూత్రం అన్ని పరీక్షలూ వచ్చు. మీరు ఏదన్నా అడగండి."

ఆవిడ ముఖంలో కోపం లేదు. జాలి కూడా పెద్దగా లేదు. పొద్దుట్నించి అలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టుంది. "అడిగి ప్రయోజనం లేదు బాబూ. వెళ్ళిరా," అని సర్టిఫికెట్టు తిరిగి ఇచ్చేసేరు.

మోషే బయటికొచ్చి వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఏమయ్యిందండీ?" అని అడుగుతూనే ఉంది కృపావతి, ఇంతలో ఆమె పేరు పిలిచేరు. తలుపు ఓరగా ఉండిపోయింది. లోపలి మాటలన్నీ అతనికి వినపడుతున్నాయి.

ఆమెని చాలాసేపు అడిగేరు. బిడ్డ అడ్డం తిరిగితే ఎలా పోల్చుకుంటావు, మాయ పడకపోతే ఏం చేస్తావు, ఎప్పుడు ఆసుపత్రికి పంపిస్తావు. అన్నిటికీ నెమ్మదిగా, వరసగా చెప్పింది.

"కాళ్ళు వాచిన గర్భిణి వచ్చింది. మూత్రంలో ఆల్బుమిన్ ఉందో లేదో ఎలా చూస్తావు?"

"పరీక్ష నాళిక ముప్పాతిక వంతు నింపి పై భాగం వేడిచేస్తానండీ. తెల్లగా మబ్బు పట్టినట్టయితే అసిటిక్ యాసిడ్ చుక్కలు వేస్తాను. అప్పుడు ఆ మబ్బు కరిగిపోతే అది ఫాస్ఫేట్లండీ, భయం లేదు. కరగకపోతే ఆల్బుమిన్."

"యాసిడ్ ఎందుకో కూడా చెప్పేవు. చాలామంది చెప్పలేదు," అన్నారు డాక్టరమ్మ గారు.

ఆ యాసిడ్ సంగతి ఆమెకి చెప్పింది మోషేనే. పెళ్ళయిన కొత్తలో, పుస్తకంలో అర్థం కాలేదంటే, వంటింటి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేడు. ఇప్పుడా మాటకి లోపల మెప్పు దొరుకుతోంది, చెప్పినవాడు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఆమె ఎక్కడన్నా తడబడితే బాగుండునని అతనికి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా. కాని ఆ కోరిక పోలేదు.

కృపావతి బయటికి వస్తూ సంతోషాన్ని పెదాల దగ్గరే ఆపుకుంది. "అయినట్టేనటండీ. కాని నా ట్రైనింగు సర్టిఫికెట్టు మీద డాక్టరు గారి సంతకం ఒక్కటే ఉందట. మేట్రను గారి సంతకం కూడా కావాలట. నెలాఖరులోగా వేయించి తెమ్మన్నారు. మీ సంగతి?"

"గుర్తింపు లేదట."

తిరుగు ప్రయాణంలో యానాం దాకా ఆమె అతని పక్కన మాట్లాడకుండా కూర్చుంది. అతనికి ఆ మౌనం కూడా దయ చూపిస్తున్నట్టే తోచి ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చిన రెండోనాడు పాపకి జ్వరమొచ్చి ఒళ్ళంతా తట్టు పోసింది. కృపావతి కదలడానికి లేదు. "నేను వెళ్ళొస్తాలే," అన్నాడు మోషే. ఆ మాట అన్నప్పుడు అతని మనసులో ఏ దురుద్దేశమూ లేదు.

మిషను ఆసుపత్రి గేటు దగ్గర బస్సు దిగేడు. తెల్లచీరలు కట్టుకున్న ట్రైనింగు పిల్లలు చెట్టు కింద అన్నాలు తింటున్నారు. అందులో ఒకమ్మాయి లేచి ఎదురొచ్చింది.

"మీరు కృపావతక్క గారి ఆయన కదండీ? అక్క సెలెక్టయ్యిందటగా, కాకినాడ వెళ్ళొచ్చినవాళ్ళ ద్వారా తెలిసింది. మేట్రను గారు మాకందరికీ చెప్పేరు, ఆ అమ్మాయిలా చదవండి అని."

"కాదమ్మా," అన్నాడు మోషే. "నేనెవరో వేరే."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. చలిమంట దగ్గర ప్రభువుని ఎరగనన్న పేతురు గుర్తొచ్చేడు. గిర్రున తిరిగి రోడ్డెక్కి, వచ్చిన బస్సు పట్టుకున్నాడు. ఇంటికెళ్ళి, "మేట్రను గారు లేరే. సెలవు మీద ఊరెళ్ళేరట," అన్నాడు.

కృపావతి నమ్మింది. పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, "వచ్చే వారం ఇంకోసారి చూద్దురుగాని," అంది.

వచ్చే వారం అతను అంతదూరం కూడా వెళ్ళలేదు. అమలాపురంలో దిగి, కాలవ గట్టున కూర్చుని, కొబ్బరిపీచు వేసుకుపోతున్న పడవల్ని చూస్తూ పొద్దు గడిపేడు. తనకి రానిది ఆమెకి మాత్రం ఎందుకు రావాలి? రేపు పేటలో అందరూ ఆమెని నర్సమ్మ గారంటారు. తనని నర్సమ్మ గారి మొగుడంటారు. తను ఆమెకన్నా రెండు క్లాసులు ఎక్కువ చదివేడు. ఇంగ్లీషు ముక్కలు తనే నేర్పేడు. ఈ లెక్కలన్నీ ఒకటికి పదిసార్లు వేసుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా అక్కసు తగ్గలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి, "ఇంకా రాలేదట," అన్నాడు.

నెలాఖరు దగ్గర పడింది. పాపకి తట్టు వాడిపోయి పొట్టు రాలుతోంది. ఒక పొద్దున్న కృపావతి తల దువ్వుకుని, చీర మార్చుకుని వచ్చింది.

"ఇవాళ నేనే వెళ్తానండీ. మేట్రను గారు లేకపోతే ఆవిడ సొంతూరు దాకా వెళ్తాను."

"పిల్లని వదిలి నువ్వెందుకు? నేను వెళ్తాలే."

"అత్తమ్మ చూసుకుంటారు. మీరు ఇప్పటికే రెండుసార్లు తిరిగేరు," అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి మోషే తల్లి ఎలీసమ్మ పెరట్లో పాపకి గంజి పడుతోంది. మోషే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కృపావతి నడక చూసే తన అబద్ధం బయటపడిందని అతనికి తెలిసిపోయింది.

"దొరికేరా అమ్మా మేట్రను గారు?" అంది ఎలీసమ్మ.

కృపావతి చెప్పులు విడిచి, కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగి, అప్పుడు చెప్పింది. "ఆయ్ అత్తమ్మా. సెలవు నించి నిన్ననే వచ్చేరట. నన్ను చూడగానే సంతకం పెట్టేసేరు."

"దేవుడి దయ. మా మోషే రెండుసార్లు తిరిగినా దొరకలేదు పాపం."

"ఆయన వేళ బాగోలేదు," అంది కృపావతి, పాపని అందుకుంటూ.

మోషే తల దించుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే తనూ ఏదో ఒకటి అనేవాడు. అలా కాకుండా తన తల్లి ముందు కాపాడింది. విచిత్రం ఏమిటంటే, దానికి కూడా అతనికి అసూయే కలిగింది. ఉద్యోగంలోనే కాదు, మంచితనంలో కూడా తనని దాటిపోయిందని.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కాలవకి బట్టలుతకడానికి వెళ్తే వెనకాలే వెళ్ళేడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆమె రాయి మీద దుప్పటి జాడిస్తూనే ఉంది.

"మేట్రను గారు ఏమన్నారు?"

"క్రిస్మస్ వెళ్ళిన దగ్గర్నించి గేటు దాటలేదన్నారు. నా కోసం ఎవరూ రాలేదన్నారు. ఒకమ్మాయి మాత్రం, మీలాంటి ఆయన ఒకరు గేటు దాకా వచ్చి, నేను కాదని చెప్పి వెళ్ళిపోయేరని అంది."

మోషే రేవు మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎందుకు అలా చేసేరు?" అందామె. గొంతు పెంచలేదు.

"నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు కృపా. నిన్ను అన్నీ అడిగేరు. నేను చెప్పిందే నువ్వు చెప్పేవు. నిన్ను మెచ్చుకున్నారు. నేను తట్టుకోలేకపోయేను."

"మీరు చెప్పిందేనండీ. బల్ల ముందు నిలబడి ఆ మాట చెబుతున్నప్పుడు మీరే గుర్తొచ్చేరు. బయటికొచ్చి మీకు చెబుదామనుకున్నాను. మీ ముఖం చూసి చెప్పలేకపోయేను." దుప్పటి పిండి గట్టు మీద పెట్టింది. "గుర్తింపు లేకపోవడం మీ తప్పు కాదు. నాకు సంతకం రాకుండా చేద్దామనుకోవడం మాత్రం మీ తప్పే. అత్తమ్మకి చెప్పలేదంటే నేను మర్చిపోయేననుకోకండి. ఆవిడ బాధపడతారని చెప్పలేదు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నాకు తెలియదు. పోస్టింగు వస్తే పాపనీ అత్తమ్మనీ తీసుకుని వెళ్తాను. నా పక్కన నిలబడగలననిపించినప్పుడు మీరు రండి. అందాకా రావద్దు."

ఆమె గడువులోనే కాకినాడ వెళ్ళి కాగితం ఇచ్చి వచ్చింది. వేసవి ముదిరేసరికి గంగవరం వైపు ఒక ఊళ్ళో వేసేరు. ఎడ్లబండి మీద సామాను కట్టినప్పుడు మోషే తాడు బిగించేడు, పాపని ముద్దుపెట్టుకున్నాడు, బండి ఎక్కలేదు. కొడుకు ఎందుకు రావట్లేదో ఎలీసమ్మకి అర్థం కాలేదు. ఇల్లు చూసుకోవాలిగా అని ఆవిడకి ఆవిడే సర్దిచెప్పుకుంది.

ఆ ఏడంతా అతను కొబ్బరితోటల్లో కాయలు దింపించే పనికి పోయేడు. పేటలోవాళ్ళు "నర్సమ్మ గారు బాగున్నారా అండీ?" అని అడిగినప్పుడల్లా ముల్లు గుచ్చుకునేది. మొదట్లో జవాబు చెప్పకుండా వెళ్ళిపోయేవాడు. తర్వాత తర్వాత, "బాగుందండీ, మొన్నో కవల కాన్పు చేసిందట," అనడం నేర్చుకున్నాడు. ఆ మాట అన్నప్పుడు కూడా ముల్లు ఉండేది. కాని మాట బయటికి వచ్చేది.

మరుసటి ఏడు ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టేడు. తనకన్నా చాలా చిన్న కుర్రాళ్ళ మధ్య కూర్చుని, తెలిసిన పాఠాలే మళ్ళీ మొదట్నించి చదివేడు. చేరిన తర్వాతే గంగవరం వెళ్ళి, క్వార్టరు గుమ్మంలో నిలబడి, "సెలవులకి ఇక్కడికి రావచ్చా?" అని అడిగేడు. కృపావతి తలుపు పూర్తిగా తీసింది. ఆ రోజంతా రోగులు వస్తూ ఉంటే ఆమె చూస్తూనే ఉంది, అతను పాపని ఆడించేడు.

1980లో అతనికీ ఉద్యోగమొచ్చింది. కొత్తపేట దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేసేరు. కొన్నాళ్ళకి ఆమె అక్కడికే బదిలీ పెట్టించుకుంది. మనసులు కుదురుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అతను ఏదన్నా పని మీద వెళ్ళొస్తానంటే, ఆమె ఒక్క క్షణం ఆగి అతని ముఖంలోకి చూసేది. ఆ చూపు ఎందుకో అతనికి తెలుసు. తెలుసు కనక కోపం తెచ్చుకోలేదు.

1986లో కృపావతికి సూపర్‌వైజరుగా ప్రమోషనొచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యేక ఆమె ఆ సంగతి చెప్పింది. చేయి కడుక్కుంటున్న మోషే చెంబు కింద పెట్టి ఆమె వైపు తిరిగేడు.

"ఏం?" అంది ఆమె.

"ఏమీ లేదంటే అబద్ధం అవుతుంది. కాస్త కుళ్ళుగా ఉంది."

"బాగా ఉందా?"

"ఆయ్. బానే ఉంది."

కృపావతి కంచాలు తీస్తూ, "సరే అయితే, సాయంత్రానికి తగ్గించుకోండి," అంది. కోపమో నవ్వో తెలియని గొంతు. మోషే తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఎలీసమ్మకి ఆ మధ్య చెవులు సరిగా వినపడటం లేదు. వసారాలో తల్లి మంచం పక్కన చేరి, వీధిలోకి కూడా వినపడేటంత గట్టిగా, కోడలికి ప్రమోషనొచ్చిందని తనే చెప్పేడు.