బొమ్మలో మనిషి, బల్ల మీద మనిషి

ప్రోస్టేట్‌లో క్యాన్సర్ ఉందని తేలినప్పుడు టైలర్ మామ రోగానికన్నా దానికిచ్చే రేడియేషన్ కిరణాలకే ఎక్కువ హడలిపోయాడు. కంటికి కనబడనిదాన్ని ఒంట్లోకి పంపుతారట! గురి తప్పితే? ముందు మూత్రాశయం, వెనక పేగు. మధ్యన సందు బట్టకీ అస్తరుకీ ఉన్నంతే.

“ట్రయల్ చూడకుండా నేనెవరికీ కోటు ఇవ్వలేదు. నాకు మాత్రం ఏకంగా కత్తెరే పెడతారా?” అని భార్య దగ్గర గొణిగాడు.

“వాళ్ళనే అడగరాదూ! నా ప్రాణం తియ్యకపోతే,” అందావిడ.

అడిగాడు. కిరణాల ప్లాను వేసే ఫిజిసిస్టు, కూతురి వయసు పిల్ల, నవ్వి ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. అంతకుముందు స్కాన్‌లో తీసిన పొరలన్నీ పేర్చేసరికి తెరమీద ఆయనే పడుకుని ఉన్నాడు. ఆ పిల్ల చర్మం తీసేసింది, ఎముకలు పక్కకి తిప్పింది. తుంటి గిన్నె అడుగున అక్రోటుకాయంత గ్రంథి కనిపించింది.

“ఇది నేనేనా అమ్మా?”

“మీరే బాబాయ్. ట్రయల్స్ అన్నీ ఈ బొమ్మలో ఉన్నాయనకే. ఇదిగో, కిరణం ఇలా వస్తే పేగుకి తగులుతోంది. కాస్త జరిపాను, తప్పుకుంది.”

మామ తెర దగ్గరికి ముఖం జరిపాడు. ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళందరినీ పైనుంచే కొలిచాడు. లోపల ఇంత పనితనం ఉందనుకోలేదు.

చికిత్స మొదలైన రోజు బల్ల మీద పడుకోబెట్టి, ఒంటిమీద గురుతుగా పెట్టిన చుక్కలకి ఎర్రటి వెలుగు గీతలు కలిపారు. యంత్రం ఆయన చుట్టూ తిరిగి ఒంటి లోపలి ఫోటో తీసి ఆగిపోయింది. ఆ పిల్ల లోపలికి వచ్చింది.

“బాబాయ్, చెప్పినన్ని నీళ్ళు తాగారా?”

బల్ల తడుస్తుందేమోనని ఆయన సగమే తాగాడు. “నీకెలా తెలిసింది?”

“ఎముకలు ప్లానుకి అచ్చు కుదిరాయి. మూత్రాశయం మాత్రం నిండలేదు. గ్రంథి కొద్ది మిల్లీమీటర్లు పక్కకి జరిగింది.”

మిల్లీమీటర్లు! సూదిమొన తేడాకి ఇంత పెద్ద యంత్రం ఆగిందా! లేచి వెళ్ళి, బుద్ధిగా గ్లాసు మీద గ్లాసు తాగి, వరండాలో కూర్చున్నాడు.

“ఇంట్లో నేను చెబితే ఒక్క గుక్కైనా తాగరు,” అంది భార్య.

రెండోసారి యంత్రం ఆగలేదు. చురుక్కుమనలేదు, వేడి తగల్లేదు. దిగాక ఫోటో చూపించమని బతిమాలాడు. ఆ పిల్ల ప్లాను బొమ్మ మీద ఆ రోజు బొమ్మ పరిచింది. అంచు మీద అంచు. కొలతల్లో ఆరితేరిన ఆయన కంటికి కూడా తేడా దొరకలేదు.

“నేను పుట్టకముందే ఎవరో నా కొలతలు తీసుకున్నట్టుంది,” అన్నాడు మెల్లగా.

వారాల తరబడి అలాగే సాగింది. చివరి రక్తపరీక్ష చూసి డాక్టర్ తృప్తిగా తల పంకించాడు. బయటికొచ్చిన మామ అరచెయ్యి పొత్తికడుపు మీద ఆనించుకుని, గుడిలో నిలబడ్డవాడిలా కాసేపు కదలకుండా ఉండిపోయాడు.