గేరు పక్కన అక్క

ఆదివారం పొద్దున ఇడ్లీలు తిన్నాక గురుమూర్తి ఇంట్లో బయలుదేరే తంతు ఎప్పుడూ ఒకటే. చిన్న కారు ముందు సీట్లలో తనూ, భార్య సహనా. వెనక పిల్లలు అక్షర, పండు, వాళ్ల స్కేటింగ్ సామాన్లు, నీళ్ల క్యాను, మడత కుర్చీ. అన్నీ సర్దాక మిగిలిన చోట్లో గురుమూర్తి అక్క మునివెంకటమ్మ, అందరూ పిలిచేది మునక్క అని. ఎంత చోటు మిగిలితే అంత అయ్యేది ఆమె. సంచికీ తలుపుకీ మధ్య మూరెడుంటే మూరెడు, సీటు కింద జానెడుంటే జానెడు. ఇల్లు చేరాక చీర దులుపుకుని మళ్లీ మనిషంత అయి, వంటింట్లోకి పోయి ఎసరు పెట్టేది.

ఇందులో వింతేమీ లేదు. బెంగళూరులో సర్దుకోకుండా బతికేదెవరు? మునక్కకు ఆ విద్య కాస్త ఎక్కువగా అబ్బింది, అంతే. తమ్ముణ్ణి చదివించడానికి చందాపురలో ఉంటూ గార్మెంట్సు పనికి పోయేటప్పుడు వాళ్లకు ఒకటే గది. తమ్ముడు పుస్తకాలు పరుచుకుని కాళ్లు బార్లా చాపినప్పుడల్లా ఆమె కొంచెం కొంచెంగా తగ్గడం నేర్చుకుంది. తర్వాత అతనికి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. రెండు గదుల ఫ్లాటులో ఐదుగురు ఎలా ఉంటున్నారని చుట్టాలెవరూ అడగలేదు. మునక్క ఉంది కదా అనుకున్నారు.

చిక్కల్లా ఏమిటంటే, ఈమధ్య ఇల్లు చేరినా ఆమె పెరగడం మానేసింది. దసరాకి మోకాలెత్తు ఉన్న మనిషి ఉగాదికి జానెడయింది. సహన చీపురు పట్టే ముందు మూలలన్నీ వంగి చూసుకుంటోంది. ఇంకాస్త తగ్గితే కంటికి ఆనదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట పైకి అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. గురుమూర్తికైతే తీరికే లేదు, కొత్త బండి పిచ్చిలో ఉన్నాడు. ఆఫీసులో వాళ్లంతా శనివారమొస్తే కొండలెక్కే బండ్లేసుకుని పోతుంటే, తనది స్పీడ్ బ్రేకరుకే పొట్ట రాసుకునే కారాయె.

షోరూములో సేల్స్ కుర్రాడు హరి రెండు బండ్లు చూపించాడు. పొట్టి బండి, నాలుగు సీట్లు, ఆటోమేటిక్ గేర్లు. పొడుగు బండి, ఐదు సీట్లు. అదే ధరకు అందులో చేత్తో వేసే గేర్లే వస్తాయి.

"ట్రాఫిక్‌లో తిప్పేదుంటే ఆటోమేటిక్కే తీసుకోండి సార్. ఎడమ కాలికి పనే ఉండదు. ఇంట్లో ఎంతమంది?"

హోసూరు రోడ్డులో క్లచ్చు తొక్కీ తొక్కీ వాచిన ఎడమ మోకాలు గురుమూర్తికి గుర్తొచ్చింది. "నలుగురమే" అన్నాడు.

సహన దిగ్గున మొగుడి వైపు చూసింది. ఆమె హ్యాండుబ్యాగు పక్క అరలోంచి మునక్క తల బయటపెట్టింది. తమ్ముడి మాట తేలిపోకూడదని "ఔనప్పా, నలుగురే" అని హరికి చెప్పింది. హరి ఆమెకు నమస్కారం పెట్టి తాళం చెవులు తీశాడు.

నడిపి చూడడానికి పొట్టి బండే తీశారు. గురుమూర్తి పక్కన హరి, వెనక రెండు సీట్లలో సహన, అక్షర, తల్లి ఒళ్లో పండు. బ్యాగు డిక్కీలో పడేశారు. మునక్క గేరు రాడ్ పక్కన కాఫీ కప్పు పెట్టుకునే గుంటలో దిగింది.

"ఆ గుంట పెద్దదే మేడం, హాయిగా కూర్చోండి" అన్నాడు హరి.

బండి మెత్తగా పోయింది. గురుమూర్తి మురిసిపోయాడు. సర్వీసు రోడ్డు మలుపులో ఒక ఆటో అడ్డమొచ్చింది. ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఎడమ కాలు, అక్కడ లేని క్లచ్చు కోసం పోయి బ్రేకును తన్నింది. బండి గుంజుకుని ఆగింది. ఎడమ చెయ్యి తనంతట తానే కిందికి పోయి, గేరు పట్టుకుని మూడులోంచి రెండుకు లాగింది. గేరు వెచ్చగా తగిలింది. వేళ్లకు జుట్టు తగిలింది.

అక్క తల పట్టుకుని లాగుతున్నాడు.

అమ్మా అని కూడా అనలేదు మునక్క. అతనెటు లాగితే అటు మెడ వంచింది, తన వల్ల గేరు పడకుండా పోకూడదన్నట్టు. చెయ్యి తీస్తే ఆమె కొప్పు విడిపోయి ఉంది.

"అక్కా, తగిలిందా?"

"ఏం కాలేదులే. నువ్వు రోడ్డు చూడప్పా, ఎనక హారన్లు కొడతాండారు."

గురుమూర్తికి తల కొట్టేసినట్టయింది. పెళ్లాం ఒక మాట తిట్టినా బాగుండేది, తిట్టలేదు. పిల్లలు నవ్వలేదు. హరి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఫర్వాలేదు సార్, మొదట్లో అందరూ ఇంతే. అలవాటు కదా" అన్నాడు. పాపం ఆ కుర్రాడు అన్నది చేతి సంగతే. గురుమూర్తి మాత్రం ఆ మాటకు చెవుల దాకా ఎర్రబడి, షోరూము చేరేదాకా అద్దంలో ఎవరి మొహమూ చూడలేకపోయాడు. అడక్కుండానే తప్పుకునే మనిషిని ఇన్నేళ్లూ తప్పిస్తూ వచ్చానని అప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఇంకా సిగ్గేసింది.

"పొట్టిది బుక్ చేసేదా సార్?" అన్నాడు హరి.

"పొడుగుది రాయి. ఐదు సీట్లది."

"కాలు నొప్పి అంటివే" అంది సహన.

"నొప్పి నాదే కదా."

"ఐదో సీటు ఎవరికి సార్?"

జవాబు ఇంత బరువుంటుందని అతననుకోలేదు. "మా అక్కకు" అన్నాడు, నేల చూస్తూ.

"నాకెందుకప్పా అంత సీటు? నేను యాడన్నా సర్దుకుంటా" అంది బ్యాగులోంచి మునక్క.

"సర్దుకోవద్దు!" అని అరిచాడు గురుమూర్తి. షోరూములో అందరూ తిరిగి చూశారు. అక్క మీద గొంతు లేపినందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు.

బండి వచ్చింది. డ్రైవరు వెనక సీటు, కిటికీ పక్కన, మునక్కది. పళ్లెంలో నిమ్మకాయలా కూర్చుంది. ఆమె పక్కన ఏ సంచీ పెట్టకూడదని గురుమూర్తి ఆంక్ష పెట్టాడు. ఒక ఆదివారం పోయింది, ఇంకో ఆదివారం పోయింది. అద్దంలో చూస్తే ఖాళీ సీటే. సీటు కొనిచ్చినంత మాత్రాన అన్నీ సరిపోతాయనుకున్నందుకు తన్ను తానే తిట్టుకున్నాడు. ట్రాఫిక్‌లో క్లచ్చు తొక్కినప్పుడల్లా మోకాలు కలుక్కుమనేది. ఆ నొప్పితో పాపమేమన్నా తరిగిందా అంటే, అదీ లేదు. మునక్క మాత్రం ఒకసారి, "గాలి బాగుండాది, అద్దం ఇంకొంచెం దించు పండూ" అంది. ఆమె ఇంట్లో ఏదన్నా అడగడం అదే మొదటిసారి. అది ఎవరూ గమనించలేదు.

వానలు తగ్గాక ఆనేకల్ దాటి కొండదారి పట్టారు. మట్టి, రాళ్లు, నిటారు ఎక్కుడు. గురుమూర్తి ఫస్టు గేరులో బండిని మెల్లగా ఎక్కిస్తున్నాడు. వీపులో ఏదో గట్టిగా పొడిచింది.

"పండూ, కాళ్లు తియ్. సీటు తన్నొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేను కాదు నాన్నా. నేను అమ్మ ఎనక ఉండా."

మళ్లీ పొడిచింది. రెండు మోకాళ్లు, పెద్ద మనిషివి. గురుమూర్తి అద్దంలోకి చూశాడు. అద్దం నిండా అక్క మొహం ఉంది. నుదుట పైసంత కుంకుమ బొట్టు. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, అవి ఎప్పుడు నెరిశాయో అతనికి తెలియదు.

"నేనప్పా" అంది మునక్క. "కాళ్లకు ఇరుకుగా ఉండాది. నీ సీటు ముందుకు జరుపు."

గురుమూర్తి బండి ఆపి హ్యాండు బ్రేకు లాగాడు. సీటు కింద కడ్డీ పట్టుకుని ముందుకు జరిగాడు. స్టీరింగు పొట్టకు ఆనింది. నొప్పి కాలు ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అద్దంలో కనపడతాయని తల వంచుకున్నాడు.

"చాలా అక్కా?"

మునక్క కాళ్లు చాపి చూసుకుంది.

"ఇంకొంచెం" అంది.