రెండో కవరు

మా వదినా నేనూ ఒకే స్కూల్లో పనిచేస్తాం. తను చరిత్ర, నేను కంప్యూటర్లు. తొమ్మిదో తరగతి పిల్లలు తన క్లాసులోంచి రాజుల గురించి కొట్టుకుంటూ వస్తారు, నా క్లాసులో ఆవలిస్తారు. ఇంట్లో అమ్మ కూడా "కోడలంటే అదీ" అంటుంది. ఈ కడుపుమంటకి ఏ మాత్రా పనిచెయ్యదు.

తల్లిదండ్రులు వచ్చే శనివారం ఒకే ఒక్క పాఠం చూపిస్తామన్నారు హెడ్ మేడమ్. వదిన నోరు తెరిచేలోపే చెయ్యెత్తాను. "కోట కట్టించిన రాజు నిరంకుశుడా కాదా, కంప్యూటర్ తేలుస్తుంది మేడమ్."

ఆ రాజు పాఠం వదిన ఏటా ఎనిమిదో తరగతికి చెబుతుంది; ఈసారి మొదలుపెట్టినప్పుడు కిటికీలోంచి చూశాను. పిల్లలకి ఒక కవరు పంచింది. అందులో ఆ రాజు కాలం నాటి పన్నెండు రాతలు. స్టాఫ్ రూమ్‌లో తన బల్ల మీద అదే కవరు కనబడితే గబగబా ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. పొగిడిన మాటలెన్ని, తిట్టిన మాటలెన్ని అని లెక్కపెట్టి వందకి మార్కులేసే ప్రోగ్రాం రాశాను.

శనివారం తొమ్మిదో తరగతిలో, తల్లిదండ్రుల ముందు, తెర మీద ఫలితం పడింది. నిరంకుశత్వం: వందకి నాలుగు. ఒక తండ్రి చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టబోయాను.

అందరూ లాయరమ్మ అని పిలిచే అమ్మాయి లేచింది. "టీచర్, ఇవన్నీ రాజుగారు రాయించుకున్నవే కదా?"

"అయితే?"

"మా అన్నయ్య మంచోడా అని మా అన్నయ్యనే అడిగితే ఆ నాలుగు కూడా రావు టీచర్."

క్లాసంతా ఘొల్లుమంది. వెనక నుంచి ఇంకొకడు, "రెండో కవరేది టీచర్? నిరుడు చరిత్ర టీచర్ మొదటిరోజు పొగడ్తలు ఇచ్చారు. రాజు మాకు నచ్చేశాక, మర్నాడు తిట్లు ఇచ్చారు."

నేను చూసింది మొదటిరోజే. దొంగతనం కూడా సగమే చేసిన ఘనురాలిని.

హెడ్ మేడమ్ చూస్తున్నారు. లాయరమ్మ ఇంకా కూర్చోలేదు. పక్క గదికి నడిచాను.

"వదినా, ఆ రెండోది..."

"ఏ రెండోది మరదలా?"

నోటితో చెప్పించకుండా వదలదు. "రెండో కవరు. మొదటిది నీ బల్ల మీద ఉంటే ఫొటోలు తీశాను."

"తెలుసు. కాగితాలు తలకిందులుగా పెట్టి పోయావు."

"తెలిసీ చెప్పలేదా?"

"అడుగుతావేమోనని చూశా." సొరుగులోంచి కవరు తీసిచ్చింది. "తాపీమేస్త్రీ భార్య అర్జీ ముందు చదివించు."

చదివించాను. కోట కట్టడానికి పట్టుకుపోయిన మొగుణ్ణి మూడేళ్ళయినా పంపలేదని ఆవిడ మొర. చప్పట్లు కొట్టిన తండ్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పిల్లలు చేతులెత్తారు: నిరంకుశుడే.

"చాలా బాగా చెప్పారమ్మా," అన్నారు హెడ్ మేడమ్.

ఊరుకుంటే సరిపోయేది. "పాఠం మా వదినది మేడమ్," అన్నాను. అందరి తలలూ పక్క గది వైపు తిరిగాయి.

లాయరమ్మ ఒక్కతే నా వైపు చూసింది. "అది మాకు ముందే తెలుసు టీచర్."