ముక్కు లారీ స్టీరింగు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి వాకిట్లోని లారీ మెట్టు మీద కూర్చోవడం సుబ్బమ్మకి అలవాటు. ఎవరూ పట్టుకోకుండానే అటూ ఇటూ తిరిగే స్టీరింగును చూసి కొడుకు క్షేమం తెలుసుకునేది.

"ఏమే జ్యోతీ, మనోడు ఘాట్ రోడ్డెక్కుతున్నాడే. చానా మెలికలున్నయి," అని కోడల్ని కేకేసేది. స్టీరింగు ఆగిందంటే టీకి దిగాడని, ఒకవైపే పూర్తిగా తిరిగిందంటే బండి మళ్లిస్తున్నాడని లెక్క.

కోటేశ్వర్ చెప్పాపెట్టకుండా పరాయి లారీ ఎక్కి వెళ్లిపోయిన రోజు నుంచీ ఇంతే. ఇంజను ముక్కులా ముందుకి పొడుచుకొచ్చిన తండ్రి నాటి ముక్కు లారీని వాకిట్లో వదిలేశాడు, దాని పక్కన తల్లినీ భార్యనీ వదిలేశాడు. ఫోన్ లేదు, కబురు లేదు. అతను ఏ రోడ్డు మీద ఎటు తిప్పితే ఇక్కడి స్టీరింగు అటు తిరిగేది. వీధిలోవాళ్లకి అదేమీ వింత కాదు. మరీ గిర్రున తిరిగితే, "కోటేశ్వర్‌కి ట్రాఫిక్ తగిలినట్టుంది," అనుకుంటూ పోయేవాళ్లు.

జ్యోతికి మాత్రం ఒళ్లు మండేది. ఆయన దేశాలు తిరుగుతుంటే తను వాకిట్లో కూర్చుని ఆ మలుపులు చూడాలా? ఆమెకి కాలు ఒకచోట నిలిచేది కాదు. లారీ నడపడం నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. ముక్కు లారీకి ఇంజను మార్పించి, తొట్టి కొత్తగా కట్టించి, ముక్కుకి ఎర్రరంగు వేయించింది. కోటప్పకొండ తిరునాళ్లకి ఊరివాళ్లు ఎత్తుగా కట్టి ఊరేగించే దీపాల ప్రభ వెనక జనరేటరు తీసుకెళ్లే బాడుగ కూడా ఒప్పుకుంది. ఇక మిగిలింది స్టీరింగే. అంత జనంలో బండి మొగుడు తిప్పినట్టు పోతానంటే కుదరదు.

వినుకొండ రోడ్డు షెడ్డు నుంచి మెకానిక్ రియాజ్ సామాన్లతో ఇంటికే వచ్చాడు. "పాత రాడ్డు కోసేసి పవర్ స్టీరింగ్ పెడతా. నీ చేతులకి అందేటట్టు కిందకి దించుతా చెల్లెమ్మా."

సుబ్బమ్మ వచ్చి స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది. "కోస్తే నా బిడ్డ ఉన్నాడో పోయాడో నాకెట్టా తెలుసుద్దే?"

"నేనున్నానో పోయానో ఇన్నేళ్లల్లో ఎవరన్నా చూశారా అత్తా?"

ముసలామె చేతులు తీసేసి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆ మాటన్నందుకు జ్యోతికి తన మీద తనకే అసహ్యమేసింది. అయినా, "కొయ్యన్నా," అంది.

రియాజ్‌ది మెత్తని మనసు. పైగా వాళ్ల షెడ్డుకో పద్ధతుంది. పాత బండికి ఏం మార్చినా, పాలల్లో తోడేసినట్టు, పాత సామాను ఒక ముక్క ఉంచుతారు. మొత్తం తీసేస్తే బండి అలుగుతుందట. కొత్త రాడ్డు మధ్యలో జానెడు పాత రాడ్డు పెట్టి జాయింట్లు బిగించాడు. జ్యోతికి చెప్పలేదు.

స్టీరింగు తనంతట తాను తిరగడం ఆగిపోయింది. ఆ పూట సుబ్బమ్మ అన్నం ముట్టలేదు.

మర్నాడు ట్రయలుకని జ్యోతి బండి తీసింది. రియాజ్ పక్కన కూర్చున్నాడు. వేలితో తిప్పినా తిరుగుతోంది. ఆమెకి నవ్వాగలేదు. కోటప్పకొండ రోడ్డుకి మళ్లింది, ఎదురొచ్చిన ఆటోకి పక్కకి తప్పుకుంది. అంతలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. బండి పక్కకి ఆపి ఎత్తింది.

"జ్యోతీ, నేను! ఎటు తిప్పుతున్నావే? నా స్టీరింగు నా మాట ఇనట్లా. కాలవ గట్టు మీద బ్రేకేసి ఆపుకున్నా!"

జ్యోతి రియాజ్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. "జానెడే ఉంచా చెల్లెమ్మా. మునుపు బలం ఆయన దగ్గరుండె. ఇప్పుడు పవరు మన దగ్గరుంది."

ఆమె ఫోన్‌లో నెమ్మదిగా అడిగింది. "అంటే ఈ స్టీరింగు సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు. అమ్మ చూసుకుంటుంటదిలే అనుకున్నా."

"చూసుకుంటానే ఉంది. పొద్దుననంగా మెట్టు మీద కూర్చుని." జ్యోతి కొంగుతో మొహం తుడుచుకుని గేరు వేసింది. "ఇంక తాళాలు బండికే వదిలేసి దిగు. బస్సెక్కి మీ అమ్మ దగ్గరకి పో."

"బండెట్టా వదిలేది? మళ్లీ నేను నడిపేదెప్పుడు?"

"నాకు తిరునాళ్లు ఉంది. తర్వాత మాచర్ల రాళ్ల బాడుగుంది. దిగు, నేను తిప్పుతున్నా."

ఫోన్‌లో లారీ తలుపు తీసిన చప్పుడు వినిపించింది. అతని కాళ్లు నేల మీద పడ్డ చప్పుడు వినిపించేదాకా ఆగి, జ్యోతి స్టీరింగు తిప్పింది.