రెండో కణుపు దాకా నీళ్లు

కొమురేశ్ హోమ్ సైన్సులో చేరడం వెనక పెద్ద ఆశయమేమీ లేదు. మంథని బస్టాండు పక్క నెట్ సెంటర్లో కూర్చుని డిగ్రీ వెబ్ ఆప్షన్లలో పద్నాలుగు గళ్లు ఆలోచించి నింపాడు. పదిహేనోది ఖాళీగా ఉంటే బాగుండదని చేతికొచ్చిన కోడ్ కొట్టాడు. పద్నాలుగూ రాలేదు, పదిహేనోది వచ్చింది. కరీంనగర్ కాలేజీలో ఆహారం, పిల్లల పెంపకం, కొనేవాళ్ల హక్కులు అన్నీ కలిపి చెప్పే ఆ తరగతిలో నలభై ఒక్కమంది ఆడపిల్లలు, వాళ్ల మధ్య ఒక్క కొమురేశ్.

ఊళ్లో మాత్రం కెమిస్ట్రీ అని చెప్పుకున్నాడు. తల్లి లస్మవ్వకూ అదే చెప్పాడు, మస్కట్‌లో ఉన్న తండ్రి అంతయ్యకూ అదే చెప్పాడు. అబద్ధం ఆడటం ఒక్క నిమిషం పని, దాన్ని రెండేళ్లు మొయ్యాలంటేనే తల ప్రాణం తోకకొచ్చింది. ప్రతి శుక్రవారం అంతయ్య ఫోన్ చేసి "గీ వారం ఏం సదివినవ్ బిడ్డా" అని అడిగేవాడు. కొమురేశ్ ఆ వారం నేర్చుకున్న పసిపిల్లల బరువు పట్టికను మింగేసి, ఇంటర్లో చదివి గుర్తున్న ఆమ్లాల పేర్లేవో వల్లించేవాడు.

"మంచిగ సదువు. నేను కంపెనీ స్టోర్ల మూటలు లెక్కవెట్టుకుంట బతుకుతున్న. నీకు గా గతి వద్దు," అనేవాడు అంతయ్య. వీడియోలో ఆయన వెనక ఎప్పుడూ బియ్యం బస్తాలే కనిపించేవి. సెలవు మీద ఇంటికొస్తే ఆయన వంటింటి వైపు తొంగి కూడా చూసేవాడు కాదు. మంచినీళ్లైనా కూర్చున్న చోటికే రావాలి.

రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో అసలు గండం వచ్చిపడింది. ఎక్కువమందికి వండటం ఒక పాఠం. ఒక్కొక్కరు ఒక్కో రోజు హాస్టల్ మొత్తానికి వండించాలి. కొమురేశ్ వంతుకు బగార అన్నం పడింది. బుధవారం ఇరవై ఐదుమందికి వండి చూశాడు. ఐదుగురికి సరిపడే కొలతలు తీసుకుని, బియ్యం, నీళ్లు, లవంగాలు, దాల్చినచెక్క అన్నిటినీ ఐదుతో హెచ్చవేశాడు. లెక్క తప్పలేదు గానీ అన్నం గుజ్జయింది. మసాలా చేదెక్కింది. తోటి విద్యార్థి జమున గంటె నిటారుగా గుచ్చి వదిలితే అది పడకుండా నిలబడింది. అందరూ నవ్వారు.

పాఠం చెప్పే వందన మేడమ్ నవ్వలేదు. "సోమవారం నూట ఇరవై మంది తింటారు కొమురేశ్. ఎక్కడ తప్పిందో చూసుకో," అంది. ఆమె కూడా నవ్వి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. సోమవారం కూడా చెడితే చదువు మానేసి పాస్‌పోర్ట్‌కు పెట్టుకుందామని ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాడు. తండ్రి దగ్గరికే పోయి మూటలు మోస్తే కనీసం ఈ అబద్ధమైనా తీరుతుంది.

శుక్రవారం ఫోన్ రానే వచ్చింది.

"గొంతు గట్లున్నదేంది బిడ్డా?"

"ఏం లేదు బాపు. మెస్సుల వంటాయన రాలే. మేమే బగార వండినం. ముద్దయింది."

"ఎంతమందికి?"

"ఇరవై ఐదు."

"నీళ్లు?"

"ఒకటికి రెండు."

"గట్లెట్ల పోస్తరు బిడ్డా," అన్నాడు అంతయ్య. ఆ గొంతులో కొమురేశ్ ఎన్నడూ వినని అధికారం ఉంది. "ఇంట్ల గిన్నె లెక్క గంత పెద్ద గంజుకు పనికిరాదు. బియ్యం మీద ఏలు నిలవెట్టు, రెండో కణుపు దాక నీళ్లుండాలె. ఇరవై మందికైనా, నాలుగు వందల మందికైనా గదే ఏలు. మసిలేటప్పుడు ఏలు పెట్టకు, కాలుతది. ముందుగాల్నే గంటె కాడకు గా కొలత వచ్చే చోట దారం కట్టుకో. మసాలా గూడ మందితోటి పెంచొద్దు. మంది పదింతలైతే లవంగాలు ఆరింతలే."

"బాపు, గిదంత నీకెట్ల ఎరుక?"

అంతయ్య జవాబు చెప్పేలోపే అవతల ఎవరో దూరం నుంచి హిందీలో "ఉస్తాద్, చావల్ ధుల్ గయా" అని కేకేశారు. బియ్యం కడగడం అయిందని ఉస్తాద్‌కు చెబుతున్నారు. ఆ ఉస్తాద్ ఎవరో కొమురేశ్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"స్టోరు లేదు ఏం లేదు బిడ్డా," అన్నాడు అంతయ్య మెల్లగా. "తాపీ పనికే వచ్చిన. నడుము పట్టేసింది. వాపస్ పంపుతమంటే కాళ్లు మొక్కి వంటల పడ్డ. ఏడేండ్లాయె. ఆడోళ్ల పని చేస్తుండని ఊళ్లె నవ్వుతరని చెప్పలే. అవ్వకు చెప్పకు."

కొమురేశ్‌కు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. తండ్రి గురించి కాదు, తన గురించే. ఆడోళ్ల పనని ఊళ్లె నవ్వుతరన్న ఆ మాట రెండేళ్లుగా తన మనసులో తిరుగుతున్నదే.

"నాది కెమిస్ట్రీ కాదు బాపు," అన్నాడు. తర్వాత ఆపుకోలేకపోయాడు. పదిహేనో గడి, ఆడపిల్లల తరగతి, చేదెక్కిన బగార, సోమవారం పరీక్ష, పాస్‌పోర్ట్ ఆలోచన అన్నీ చెప్పేశాడు. తిట్లు పడతాయని ఎదురుచూశాడు.

"గంజుకు నీళ్లెన్ని పొయ్యాలెనో, గదానికి మార్కులిస్తరా?" అని అడిగాడు అంతయ్య.

"యాభై."

"పుస్తకాలు గూడ ఉంటయా?"

"లైబ్రరీల ఒక అల్మారా నిండ ఉన్నయి."

"గిది సదువేనా అయితే," అన్నాడు అంతయ్య, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత గొంతు సవరించుకుని, "పాస్‌పోర్ట్ ముచ్చట ఇడిచిపెట్టు. జర రాసుకో," అని మొదలుపెట్టాడు. కొమురేశ్ రెండు పేజీలు నింపాడు.

సోమవారం గంటె కాడకు ఎర్రదారం కట్టుకుని వంటశాలకు వచ్చాడు. మూత తీసేసరికి అన్నం పొడిపొడిగా ఉంది, వాసన హాస్టల్ మెట్ల దాకా పోయింది. జమున రెండోసారి పెట్టించుకుని తిన్నది గానీ బాగుందని మాత్రం అనలేదు. వందన మేడమ్ దారం వంక చూసి, అదేమిటని అడిగి, అతను చెప్పింది విని, తానే ఒక గంటె అన్నంలో నిటారుగా గుచ్చి వదిలింది; ఈసారి అది పక్కకు వాలిపోయింది.

రికార్డు రాసేటప్పుడు చివర "ఆధారం" అని ఒక గడి ఉంటుంది. అందరూ అక్కడ పాఠ్యపుస్తకం పేరు రాస్తారు. కొమురేశ్ ఈసారి ఆలోచించే నింపాడు: అంతయ్య, వంట ఉస్తాద్, మస్కట్.

మేడమ్ తరగతిలో అది పైకి చదివి, "వీరెవరు?" అంది.

కొమురేశ్ లేచి నిలబడ్డాడు. "మా బాపు మేడమ్."

ఆమె కింద సంతకం పెట్టింది. కొమురేశ్ ఆ పేజీ ఫోటో తీసి పంపాడు. మూడు రోజులు జవాబు రాలేదు. తప్పు చేశానేమోనని అతను తిండి సరిగా తినలేదు.

శుక్రవారం వీడియో వచ్చింది. ఈసారి వెనక బస్తాలు లేవు. నాలుగు పొయ్యిల మీద మనిషి పట్టేంత గంజులు, ఆవిరి, వాటి ముందు తెల్ల టోపీ పెట్టుకున్న అంతయ్య. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిగడ్డలు కోశానన్నాడు.

"ఉప్పు సరిపోయిందా బిడ్డా?"

"సరిపోయింది బాపు."

"సరే," అని గంటె ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "గా కాయితం ఇంటికి పట్టుకపోయి మీ అవ్వకు సూపియ్యి. సదివి ఇనిపియ్యి."