మేనమామ ఎంచిన రింగు

నా కొడుకు వాసు మోకాలు పోగొట్టింది గుడివాడ బాక్సర్ కాదు. నా బావమరిది అంకమ్మరావు. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. అతనికీ తెలుసు. ఒప్పుకోడు, అంతే.

మాది దివిసీమలో నాగాయలంక దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లెపాలెం. వేట తప్ప వేరే బతుకు లేని ఊరు. వాసు తల్లి పోయాక వాణ్ణి పడవ ఎక్కించలేదు. బందరు హైస్కూల్లో వేశాను. అక్కడి డ్రిల్లు మాస్టారు దైవాధీనం గారు వాడి చేతుల పొడుగు చూసి గ్లవ్స్ తొడిగారు. ఆయన మిలిటరీలో బాక్సింగ్ చేసి వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడతారు. ఏళ్ళ తరబడి వాణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుని నేర్పారు.

2002 ఎండాకాలంలో వాడు జిల్లా ఫైనలుకి వచ్చాడు. గెలిచినవాణ్ణి రైల్వే జట్టు శిక్షణకి తీసుకుంటారు. అక్కడ నిలబడితే ఉద్యోగం. వయసు దాటితే మళ్ళీ పిలవరు. వాసుకి అదే ఆఖరు అవకాశం.

ప్రత్యర్థి గుడివాడ కుర్రాడు బెన్నీ. పొట్టి మనిషి. కాళ్ళు నేలలో పాతినట్టు నిలబడి, దగ్గరికి వచ్చినవాణ్ణి ఎడమచేత్తో డొక్కలో కొడతాడు. ఆ దెబ్బ తిన్నవాడు తర్వాత ఎంతసేపు ఆడినా వంగే ఆడతాడు.

మాస్టారు వాసుకి రోజూ ఒకటే చెప్పేవారు. "వాడు నిలబడే రకం. నువ్వు తిరిగే రకం. వాడి పక్కన నిలబడ్డావో, వాడి ఆట ఆడినట్టే. ఎడమచెయ్యి చాచి ముక్కు మీద తాకించు, నీ ఎడమకి జరుగు. మళ్ళీ తాకించు, మళ్ళీ జరుగు. గాలిని కొట్టీ కొట్టీ వాడే అలిసిపోతాడు."

పోటీ ఎక్కడ పెట్టాలనేది బందరులో బొమ్మాబొరుసూ వేసి తేల్చారు. మావైపు పడింది. చోటు మా ఇష్టం. అయితే మా చోట పెట్టుకుంటే రింగు కట్టే బాధ్యత కూడా మాదే అన్నారు.

"గుడివాడ అడగండి," అన్నారు మాస్టారు.

"వాళ్ళ ఊరా?" అన్నాను.

"వాళ్ళ ఊరే. హాల్లో గట్టి నేల, బిగించిన కాన్వాసు. గాలి ఉండదు, ఎండ ఉండదు. వాసుకి కాళ్ళు ఆడే చోటు కావాలి. జనం వాళ్ళవాళ్ళే, అరుస్తారు. అరుపు చెవికి తగులుతుంది పోతయ్యగారూ, డొక్కకి తగలదు."

నాకు అర్థమైంది. ఊరికి వచ్చి అదే చెప్పాను. మా పాలెంలో తల్లి లేని పిల్లాడి శుభకార్యాలకి మేనమామ మాటే ముందు. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆయన చెప్పాలి, తండ్రి తల ఊపాలి. కులపెద్దలు ఈ పోటీని కూడా ఆ లెక్కలోనే వేశారు.

"అల్లుడి ఆట గుడివాడలోనా?" అన్నాడు అంకమ్మరావు. "ఏం, మనకి మనుషులు లేరా?"

"మనుషులున్నారు. నేల లేదు. ఇసుక మీద ఆడతారా?"

"పడవలు కట్టేవాళ్ళం బావా. ఒక చెక్క అరుగు కట్టలేమా?"

"మాస్టారు వద్దన్నారు."

"ఆయన చేపలు కొనుక్కుని తినే మనిషి. చెక్క సంగతి ఆయనకేం తెలుసు?"

పెద్దలు నవ్వారు.

"ఇది పెళ్ళి కాదు అంకమ్మరావూ."

"పెళ్ళికేం తక్కువ? వీడు గెలిస్తే నా కూతురు రోజాని ఇస్తున్నాను. అది గుడివాడ వచ్చి చూస్తుందా? మన ఆడాళ్ళు వస్తారా? పైగా వాళ్ళ ఊళ్ళో ఓడితే ఆ మొహాలు చూసుకుంటూ బస్సెక్కి రావాలి."

"ఓడటం సంగతి ఇప్పుడే ఎందుకు?"

"మన గడ్డ మీద ఓడడు."

వాసుని అడిగారు. వాడు తల దించుకుని, "మావయ్య ఎక్కడంటే అక్కడే," అన్నాడు. అక్కడితో అయిపోయింది. వెళ్ళి మాస్టారికి చెప్పాను. గ్లవ్స్ సంచిలో సర్దుకున్నారు.

పోటీ రోజు వరకూ మేం ముగ్గురం బందరులోనే ఉన్నాం. ఊళ్ళో ఏం జరుగుతోందో చూడలేదు. మధ్యాహ్నానికి పాలెం చేరేసరికి ఒడ్డున రింగు సిద్ధంగా ఉంది. కొలత సరిగ్గా ఉంది. తాళ్ళు బాగానే కట్టారు. నాలుగు మూలలకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టారు. దగ్గరికి వెళ్తే వాసన వచ్చింది.

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని కాన్వాసు మీద అరచెయ్యి వేశారు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"చెక్కలకి ఏం పూశారండీ?"

"చేప నూనె," అన్నాడు అంకమ్మరావు. "కొత్త పడవకి పూసినట్టే. ఆడాళ్ళంతా కలిసి పట్టించారు."

"ఇది నీళ్ళలోకి వెళ్ళేది కాదు కదండీ."

"కొత్త చెక్కకి నూనె పెట్టకుండా దాని మీద మనిషిని ఎక్కించం మాస్టారూ. అరిష్టం."

ఎండకి నూనె పలచబడి కాన్వాసులోంచి పైకి వస్తోంది. మాస్టారు రంపంపొట్టు తెప్పించి చల్లించారు. సముద్రం గాలి దాన్ని ఊడ్చేసింది. మళ్ళీ చల్లించారు. రిఫరీ దగ్గరికి వెళ్ళి, ఈ రింగులో ఆట వద్దన్నారు. రిఫరీ చెడ్డవాడేం కాదు. ఉన్నమాటే చెప్పాడు.

"రింగు కట్టింది మీరు. మీరే వద్దంటే మీరు తప్పుకున్నట్టు రాసుకోవాలి. గుడివాడ వాళ్ళు వద్దంటే వేరే సంగతి. వాళ్ళు అనటం లేదు."

వాళ్ళెందుకు అంటారు? కదలనివాడికి జారుడు నేలతో బాధేముంది?

మాస్టారు వాసు బూట్ల అడుగులు గుడ్డతో తుడుస్తూ చెప్పారు. "నేర్పిందంతా మర్చిపో. తిరగొద్దు. తాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. నడుమ నిలబడి చెయ్యి చాచి తాకిస్తూ ఉండు. ఎన్ని పాయింట్లు వస్తే అన్ని."

వాడు మొదటి రౌండు అలాగే ఆడాడు. చెయ్యి పొడుగు కాబట్టి ముందున్నాడు. రెండో రౌండులో బెన్నీ తలొంచుకుని లోపలికి దూరి డొక్కలో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. చుట్టూ మా ఊరు అరుస్తోంది. "కదులు వాసూ, కదులు" అంటోంది. అందరికంటే గట్టిగా అంకమ్మరావు. బందరులో వాడు కదులుతూ ఆడటం చూసి వచ్చినవాళ్ళు అలాగే చెబుతారు మరి.

మూడో రౌండులో ఇంకో దెబ్బ పడింది. దెబ్బ తిన్న ఒంటికి నిన్నటి పాఠం గుర్తుంటుంది, ఇవాళ్టిది ఉండదు. వాడు కుడికాలు తన్ని ఎడమకి జరిగాడు. కాలు జారిపోయింది. ఒళ్ళు ఒక వైపు, మోకాలు ఇంకో వైపు తిరిగిపోయాయి. బెన్నీ అప్పుడు చెయ్యి కూడా ఎత్తలేదు. వెనక్కి తగ్గి నిలబడిపోయాడు.

వాసుని నులకమంచం మీద వేసి రోడ్డు దాకా మోశాం. మంచం ఒక కోడు బెన్నీ పట్టుకున్నాడు. అంకమ్మరావు పెద్దల దగ్గర నిలబడి, "పోనీలే, మన గడ్డ మీదే పడ్డాడు," అంటున్నాడు. విన్నాను.

బందరు డాక్టరు కీలుని పట్టి ఉంచే లిగమెంట్లు తెగాయన్నాడు. కోసి కుట్టారు. నడుస్తాడు. పరిగెత్తలేడు, ఊగే పడవలో నిలబడలేడు. రైల్వే శిక్షణకి బెన్నీ వెళ్ళాడు. దైవాధీనం గారు ఆ తర్వాత ఎవరికీ బాక్సింగ్ నేర్పలేదు. వాసు ఇప్పుడు రొయ్యల చెరువుకి కాపలా ఉంటున్నాడు. పగలంతా పాకలో కూర్చుంటాడు.

మొన్న అంకమ్మరావు కబురు పంపాడు. గెలవకపోయినా రోజాని ఇస్తాడట. నేను వాళ్ళింటికి వెళ్ళి ఒక్కమాట అడిగితే చాలట. వాసు భోజనం దగ్గర ఆ మాట ఎత్తాడు.

"వెళ్ళు నాన్నా."

"వెళ్ళను."

"మావయ్య ఒక్కడే కాదు కదా. నన్నడిగారు. నాకూ మనవాళ్ళ ముందు గెలవాలనిపించింది. రోజా చూడాలనిపించింది. గుడివాడ అనుంటే అయిపోయేది, నేనే అనలేదు."

"ఆ మాట నీ నోట్లో మీ మావయ్య పెట్టాడు."

"లేదు నాన్నా. నాదే."

నేను చెయ్యి కడుక్కుని లేచాను. వాడు కాలు చాపుకుని అక్కడే కూర్చున్నాడు. పెళ్ళి చేసుకుంటే చేసుకోనీ. నేను ఆ గుమ్మం తొక్కను. మీరు అడిగారు కాబట్టి ఒకసారి చెప్పాను. ఇక దీని గురించి మాట్లాడను. అంకమ్మరావుతో గానీ, పెద్దలతో గానీ. వాసుతో కూడా.